అడుగులకు అరిసెలు సరే, పదహారేళ్లకు ఏమిటి?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుకు మూలం విశాఖపట్నంలో ఉంది. ఇక్కడ హాస్టల్లో ఉంటూ నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించిన కోర్టు, అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని వాటిలో ఉంది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని కూడా ఉంది. దానికో షరతు: ఆ మనిషి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొంది ఉండాలి, ఆ శిక్షణను చూపించగలగాలి.

బరువంతా ఈ షరతులోనే ఉంది. పోస్టు పెట్టడం ఒక జీవోతో అయిపోతుంది. ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, అందులో ఏం నేర్పుతారు, ఏం వదిలేస్తారు అన్నవి జీవోతో తేలేవి కావు.

నిజానికి తెలుగునాట శిశు వికాసం చదివినవాళ్లకు కొదవ లేదు. లక్షల మంది చదివారు. కాకపోతే టీచర్ల అర్హత పరీక్ష టెట్ కోసం చదివారు. 150 మార్కుల టెట్‌లో 30 మార్కులు ‘శిశు వికాసం, పెడగాజి’కే. వికాసం మీద సిద్ధాంతాలు చెప్పినవాళ్లలో పియాజే అంటే నాలుగు దశలు, ఎరిక్సన్ అంటే ఎనిమిది, కోల్‌బర్గ్ అంటే మూడు స్థాయిలు. కోచింగ్ సెంటర్లలో ఈ బిట్లు ఎంత బాగా నోటికొస్తాయంటే, పదేళ్ల తర్వాత నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. పరీక్ష అలాంటిది, వాళ్లను తప్పు పట్టే పని లేదు. కానీ దశల పేర్లు తెలిసినంత మాత్రాన ఎదురుగా ఉన్న బిడ్డ ఏ దశలో ఉందో తెలియదు. యూనివర్సిటీలో ఇదే విషయాన్ని రెండేళ్లో మూడేళ్లో చదివేది ఆ రెండో పని నేర్చుకోవడానికి. ముందు చూడాలి, చూసింది చూసినట్టు రాయాలి, పేరు పెట్టడం ఆ తర్వాత.

ఇందులో మొదట నేర్పే తేడా ఎదుగుదలకూ వికాసానికీ మధ్య ఉన్నది. బరువు, ఎత్తు ఎదుగుదల కిందికి వస్తాయి. వాటిని అంగన్‌వాడీ టీచర్ తూకం మీదా, టేపు మీదా కొలిచి చార్టులో గుర్తు పెడుతుంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ పథకం ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు నడుపుతోంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. వికాసాన్ని కొలవడం దీనికంటే కష్టం. మాట, ఆలోచన, చేతి నేర్పు, కోపాన్ని ఆపుకోవడం, ఇంకొకరి బాధ అర్థం కావడం తూకం మీద నిలబడవు.

తెలుగు ఇళ్లలో దీనికి ఎప్పటినుంచో ఒక చార్టు ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. ప్రాసకోసం పుట్టిన వంటల జాబితా అనుకుంటాం గానీ, దీన్ని వికాస శాస్త్రం చదివినవాళ్లు చూస్తే ఒక సంగతి తడుతుంది. ఇందులో వరస ఉంది, నెలల లెక్క లేదు. ఎన్నో నెలకు బోర్లా పడాలో ఏ అమ్మమ్మా చెప్పలేదు, పడినప్పుడు వండి పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా అయిదు దేశాల్లో పిల్లల కదలికల్ని గమనించి 2006లో విడుదల చేసిన ప్రమాణాలు కూడా ఇదే తీరులో ఉన్నాయి. ఆసరా లేకుండా నడవడానికి అవి ఇచ్చిన గడువు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా. అంటే తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ మామూలు పిల్లలే. ఆ అధ్యయనంలో నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు, నేరుగా నడకలోకి వెళ్లిపోయారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ‘మా వాడు ఇంకా పాకడం లేదు’ అన్న టెన్షన్‌కు ఈ ఒక్క అంకె చాలావరకు మందు.

అయితే వరస ఒకటే అయినా వేగం అన్నిచోట్లా ఒకటి కాదు. 1970ల్లో చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు కెన్యాలోని కిప్సిగిస్ తెగ పిల్లలు అమెరికా పిల్లలకంటే ముందే కూర్చుంటున్నారని, నడుస్తున్నారని గమనించాడు. అది జాతి లక్షణం అని తేల్చేయకుండా తల్లులు ఏం చేస్తున్నారో చూశాడు. వాళ్లు నేలలో చిన్న గుంట తీసి, పసివాణ్ని అందులో కూర్చోబెట్టి, పనిగట్టుకుని అలవాటు చేస్తున్నారు. పాకడం లాంటి, ఎవరూ నేర్పని విషయాల్లో ఆ పిల్లలేమీ ముందు లేరు. మన దగ్గర బిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పోసే పద్ధతికి వికాసం మీద ప్రభావం ఉందా, ఉంటే ఎంత? సైకాలజీ విద్యార్థి డిసర్టేషన్‌కు ఇంతకంటే మంచి ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు. దాదాపు ప్రతి వీధిలోనూ నీళ్లు పోసే మంత్రసానో, అమ్మమ్మో ఇంకా ఉన్నారు. పదేళ్లు పోతే ఉండకపోవచ్చు.

పాఠ్యపుస్తకాల్లో బిడ్డ మాత్రం ఎక్కువగా పియాజే పనిచేసిన జెనీవాలోనో, అమెరికాలోనో ఉంటుంది. పియాజే ప్రసిద్ధ ప్రయోగమే తీసుకుందాం. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ‘రెండూ సమానమేనా?’ అని అడుగుతారు. బిడ్డ అవునంటుంది. ఒక గ్లాసు నీళ్లను సన్నటి పొడుగు గ్లాసులో పోసి, మళ్లీ అదే ప్రశ్న. అయిదేళ్ల బిడ్డ ‘పొడుగు దాంట్లో ఎక్కువ’ అంటుంది. రూపం మారినా పరిమాణం మారదన్న ఆలోచన ఇంకా రాలేదని పియాజే తీర్పు. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న మార్పు చేశారు. మొదటి ప్రశ్న మానేసి, నీళ్లు పోశాక ఒక్కసారే అడిగారు. సరిగ్గా చెప్పిన పిల్లల సంఖ్య పెరిగింది. అదే ప్రశ్న రెండోసారి వచ్చేసరికి, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మార్చేస్తున్నారన్నమాట.

ఈ సంగతి తెలుగు బడిలో చదువుకున్న ఎవరికైనా ఒళ్లు జలదరించేంత బాగా అర్థమవుతుంది. టీచర్ ‘మళ్లీ చెప్పు?’ అన్నారంటే చెప్పింది తప్పనే అర్థం. గద్దింపుకు ముందు వచ్చే మాట అది. అలాంటి క్లాసులో పెరిగిన బిడ్డ మీద రెండు ప్రశ్నల ప్రయోగం చేస్తే, ఆలోచనా శక్తిని కొలుస్తున్నామా, భయాన్ని కొలుస్తున్నామా? ఇక పాడేరు వైపు ఏజెన్సీలో ఇంట్లో కువి మాట్లాడి, బడిలో తెలుగు వినే బిడ్డను తెలుగులో అడిగితే మూడో సంగతి కూడా కలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు తయారు చేయడానికి కారణం ఇదే.

బిడ్డ చుట్టూ ఉన్న ప్రపంచాన్ని పొరలు పొరలుగా చూడాలన్న అమెరికా సైకాలజిస్టు బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ సిద్ధాంతం కూడా విశాఖలో బొమ్మ గీసినంత స్పష్టంగా కనిపిస్తుంది. బిడ్డ ఎన్నడూ అడుగుపెట్టని చోట జరిగే నిర్ణయం బిడ్డ వికాసాన్ని మార్చగలదు అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. జాలరిపేటలో ఆరేళ్ల పాప బోటు ఎక్కదు. కానీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. సరిగ్గా బడులు తెరిచే రోజులకు ఇంట్లో చేతిలో డబ్బు ఆడదు. నాన్న రెండు నెలలు ఇంట్లోనే ఉంటాడు, అది కొన్ని ఇళ్లలో సంబరం, కొన్ని ఇళ్లలో గొడవ. గాజువాక వైపు స్టీల్ ప్లాంట్ షిఫ్టుల ఇళ్లలో నైట్ డ్యూటీ చేసొచ్చిన నాన్న నిద్రపోతుంటే పగలంతా పిల్లలు గుసగుసగా మాట్లాడుకుంటారు. సిద్ధాంతం పేరు తెలియకపోయినా ఆ ఇళ్ల పిల్లలకు దాని అర్థం తెలుసు.

తెలుగు పిల్లల గురించి పెద్ద ఎత్తున సమాచారం లేదనే మాట తరచూ వినిపిస్తుంది. అది సరికాదు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని వెంబడిస్తోంది. వాళ్లలో 2,000 మంది 2001–02 ప్రాంతంలో పుట్టినవాళ్లు, 1,000 మంది 1994–95 ప్రాంతంలో పుట్టినవాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి శ్రీకాకుళం జిల్లా అందులో ఉంది. అదే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలవడం ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఖరీదైన, విలువైన పద్ధతి. ఒక్కరోజు వెళ్లి అయిదేళ్లవాళ్లనూ పదేళ్లవాళ్లనూ పోల్చి చూస్తే తేడా వయసువల్ల వచ్చిందో, కాలం మారడంవల్ల వచ్చిందో చెప్పలేం. పసితనంలో ఎత్తు తగ్గిపోయిన పిల్లల్లో కొందరు తర్వాతి ఏళ్లలో కోలుకున్నారని, అలా కోలుకున్నవాళ్లు చదువు పరీక్షల్లోనూ మెరుగ్గా ఉన్నారని ఈ సమాచారం మీద పనిచేసినవాళ్లు చూపించారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పూర్తిగా నమ్మొద్దనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఉండదు. డేటా పరిశోధకులకు అందుబాటులోనే ఉంది. జెనీవా బిడ్డకు ఇచ్చే గంటల్లో పదోవంతు శ్రీకాకుళం బిడ్డకు ఇచ్చినా సిలబస్ రూపం మారిపోతుంది.

పరీక్షలు, అంటే టెస్టుల సంగతి కొంత మెరుగు. పసిపిల్లల కోసం బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం తయారు చేసిన స్కేలు ఉంది, తిరువనంతపురం స్క్రీనింగ్ చార్టు ఉంది, నాగ్‌పూర్‌లో మాలిన్ భారతీయ పిల్లలకు మలిచిన తెలివితేటల పరీక్ష ఉంది. చిక్కల్లా వీటిలో కొన్నిటి ప్రమాణాలు దశాబ్దాల కిందటివి కావడం. తరం తరానికీ టెస్టు స్కోర్లు పెరుగుతాయన్నది చాలా దేశాల్లో కనిపించిన విషయం, కాబట్టి పాత ప్రమాణంతో కొలిస్తే ఇవాళ్టి బిడ్డ ఉన్నదానికంటే చురుగ్గా కనిపించే ప్రమాదం ఉంది. సాయం అవసరమైన బిడ్డ గీతకు కాస్త పైన పడిపోయి, వైకల్య సర్టిఫికెట్టుకు దూరమవుతుంది.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా చిన్నపిల్లల గురించి. అదే అసలు సమస్య. పసివాళ్ల విషయంలో అంగన్‌వాడీ ఉంది, హోం సైన్స్ కాలేజీల సంప్రదాయం ఉంది, టెట్ ఉంది. కౌమారం దగ్గరికి వచ్చేసరికి మెట్లు తెగిపోతాయి. టెట్ ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు. తొమ్మిది, పది చెప్పే టీచర్లు బీఎడ్‌లో బాల్యం, ఎదుగుదల గురించి కనీసం ఒక పేపరైనా చదివి ఉంటారు. జూనియర్ లెక్చరర్‌కు కావాల్సింది సబ్జెక్టులో పీజీ. బీఎడ్ అక్కర్లేదు, టెట్ అక్కర్లేదు. అంటే పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో రోజుకు అన్నిటికంటే ఎక్కువ గంటలు గడిపే పెద్దలకు ఆ వయసు గురించి ఒక్క పేజీ చదవాల్సిన నిబంధన లేదు. రెండేళ్ల బిడ్డకు అన్నం తినిపించే ఆయాకు ఎంతో కొంత శిక్షణ ఉంది. ఎంపీసీ సెక్షన్‌కు పాఠం చెప్పే లెక్చరర్‌కు, హాస్టల్ వార్డెన్‌కు అదీ లేదు.

ఆ వయసులో ఏం జరుగుతుందో శాస్త్రానికి తెలియక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారం 10 నుంచి 19 ఏళ్లు. 1904లో అమెరికా సైకాలజిస్టు స్టాన్లీ హాల్ దాన్ని తుపానుతో పోల్చాడు. అందరికీ తుపాను రాదని, చాలామంది పెద్ద గొడవ లేకుండానే దాటేస్తారని తర్వాతి పరిశోధన సరిదిద్దింది. ‘నేనెవరు’ అన్న ప్రశ్నను ఎరిక్సన్ ఈ వయసుకు కేంద్రంగా పెట్టాడు. అందుకు రకరకాల పనులు ప్రయత్నించి చూసే వ్యవధి కావాలన్నాడు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఎంపీసీయా బైపీసీయా తేలిపోయే చోట ఆ వ్యవధి ఎక్కడిదన్నది పాఠంలో ఉండదు, పక్కనే ఉన్న జూనియర్ కాలేజీలో ఉంటుంది.

నిద్ర ఇంకా తేలిగ్గా కొలవగల విషయం. యుక్తవయసు వచ్చాక శరీరంలోని గడియారమే మారి, రాత్రి నిద్ర ముంచుకొచ్చే వేళ ఆలస్యమవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణుల సిఫారసు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున అయిదింటికి బెల్లు అన్న టైంటేబుల్ వేసినవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు. రాత్రి నిద్రపట్టక, పొద్దున లేవలేక, పగలు చదివింది తలకెక్కక తిట్లు తినే పిల్లవాడికి కౌన్సెలింగ్ కంటే ముందు టైంటేబుల్ మార్పు కావాలి. ఆ మాట యాజమాన్యానికి చెప్పగలిగే మనిషి ఎవరు?

తోటివాళ్ల ప్రభావం గురించీ అంతే. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు ఒక వీడియో డ్రైవింగ్ ఆట ఆడించి చూశారు. స్నేహితులు చూస్తున్నప్పుడు 13–16 ఏళ్లవాళ్లు తీసుకున్న రిస్కులు బాగా పెరిగాయి, పెద్దవాళ్లలో ఆ తేడా రాలేదు. భీమిలి రోడ్డు మీద సాయంత్రం ముగ్గురెక్కిన బైకును చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కొత్తదల్లా, ఆ కుర్రాడు ఒంటరిగా ఉంటే అంత వేగంగా వెళ్లడన్న గమనిక. దాంతో చెప్పాల్సిన మాట, చెప్పాల్సిన చోటు రెండూ మారతాయి. ఇక ఆడపిల్లల కౌమారం కొన్ని ఇళ్లలో పూర్తిగా గడవనే గడవదు. అదే 2019–21 సర్వేలో రాష్ట్రంలోని 20–24 ఏళ్ల మహిళల్లో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పెద్దమనిషైన రోజున ఊరంతటికీ భోజనం పెట్టే సమాజంలో మగపిల్లవాడి మార్పుకు పేరు కూడా లేకపోవడం ఇంకో విచిత్రం. గొంతు బొంగురుపోవడం మీద జోకులు మాత్రం ఉన్నాయి.

విశాఖలో ఈ చదువుకు దగ్గరి దారి సైకాలజీ. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖను 1960ల్లో నిలబెట్టింది కోనేరు రామకృష్ణారావు. తర్వాత ఆయన అదే యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. శాఖ పేరులో చాలాకాలం ‘పారాసైకాలజీ’ ఉండేది, అతీంద్రియ శక్తుల మీద పరిశోధనకు అది ప్రపంచంలోనే అరుదైన చోటు. ఆ ముచ్చట వేరే వ్యాసానికి సరిపోతుంది. ప్రస్తుతానికి వస్తే, ఎం.ఏ., ఎమ్మెస్సీ సైకాలజీల్లో వికాసానికి మామూలుగా దక్కేది ఒకటో రెండో పేపర్లు. మిగతాది గణాంకాలు, సిద్ధాంతాలు, రుగ్మతలు. ప్రాక్టికల్స్‌లో ‘సబ్జెక్ట్’గా కూర్చునేది ఎక్కువగా పక్క బెంచీలోని క్లాస్‌మేటే. ఇరవై రెండేళ్ల మనిషి మీద టెస్టు చేసి, రికార్డు రాసి, వైవా ముగించి, పిల్లల నిపుణులుగా బయటికి రావచ్చు. దూరవిద్యలోనైతే ఆ కాస్త కూడా అనుమానమే. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూజీసీ నిర్ణయించడం వెనుక అర్థం లేకపోలేదు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకున్న టీచర్లకు ఆ తలుపు మూసుకుపోవడం మాత్రం నష్టమే. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఎం.ఏ. చాలదు, ఆ పైన శిక్షణ, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ కావాలి.

కాలేజీ కౌన్సెలర్‌గా అంతటి క్లినికల్ నిపుణులే కావాలా? 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్లవాళ్లలో సుమారు 7 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్కగట్టింది. కోర్టు చెప్పిన వందమంది కాలేజీలో ఏడుగురు. వాళ్లకు కేజీహెచ్‌లోనో, వాల్తేరు మానసిక ఆసుపత్రిలోనో డాక్టర్ అవసరం పడొచ్చు. మిగతా 93 మంది రోగులు కాదు. వాళ్లు మామూలుగా ఎదుగుతున్నవాళ్లు, మామూలు కాని ఒత్తిడిలో ఉన్నవాళ్లు. ఆ ఏడుగురిని గుర్తుపట్టాలన్నా ఈ 93 మంది మామూలుగా ఎలా ఉంటారో తెలియాలి. అలగడం ఎక్కడ ఆగుతుంది, కుంగుబాటు ఎక్కడ మొదలవుతుంది అన్నది రుగ్మతల పేపర్ చదివితే రాదు. ఓ ఏడాదిపాటు కనీసం ఇరవై మంది మామూలు పిల్లల్ని దగ్గరుండి గమనించి రాస్తే వస్తుంది. సిలబస్‌లో లేనిది అదే.

చట్టాలు కూడా చదవాల్సిందే. పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే సరిపోదని, ఏడేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిబంధన. లైంగిక దాడి గురించి బిడ్డ చెప్పినప్పుడు పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం కింద తప్పనిసరి, చెప్పకపోతే శిక్ష ఉంది. కాబట్టి ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని మొదటి రోజే మాటిచ్చే కౌన్సెలర్ తాను నిలబెట్టుకోలేని మాట ఇస్తున్నట్టు. ఏది దాస్తారో, ఏది దాచలేరో ముందే విడమరిచి చెప్పడం ఈ వృత్తిలో తొలి నేర్పు.

దాచడం దగ్గరే ఇంకో చిక్కు. జీతం ఇచ్చేది కాలేజీ, ఫీజు కట్టేది తల్లిదండ్రులు, ఎదురుగా కూర్చునేది విద్యార్థి. పిల్లవాడు ఏం చెప్పాడో తెలుసుకునే హక్కు తమకే ఉందని ముగ్గురిలో ఇద్దరు అనుకుంటారు. యూనివర్సిటీలో కేస్ స్టడీ రికార్డు రాసేటప్పుడు బిడ్డ పేరు తీసేసి రెండక్షరాలు పెట్టడం మొదటి పాఠం. కాలేజీ కౌన్సెలర్ ఫైలు మీద ఉండేది రోల్ నంబరై, అదే నంబరు వీక్లీ టెస్టు ర్యాంకుల కాగితం మీద గోడకు అంటించి ఉంటే, ఆ గదిలోకి రెండోసారి తలుపు తోసుకుని వచ్చేవాళ్లు పెద్దగా ఉండరు.